తిమ్మక్క ఎక్కని గుర్రం

"బండి వంకలోకి దిగేటప్పుడు నీకెట్లుంటాది?"

జాతరల్లో తమ రాట్నం దగ్గరికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ తిమ్మక్క అడిగే మాట అదొక్కటే. ఊరూ పేరూ అడిగేది కాదు. అనంతపురం చుట్టుపక్కల ఏ ఊరికి పోవాలన్నా దారిలో వంక దాటాలి. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో నీళ్లుండవు, ఇసుకే ఉంటుంది. గట్టు మీది నుంచి బండి ముందుకు ఒరిగి ఇసుకలోకి దిగే క్షణం అందరికీ తెలుసు. అప్పుడు కొందరు నవ్వుతారు. కొందరు చెబుతున్న మాట ఆపి పక్కగుంజ పట్టుకుంటారు.

నవ్వు వస్తుందన్నవాళ్లను తిమ్మక్క తొట్ల రాట్నం వైపు పంపేది. అది నిలువుగా తిరిగే రాట్నం. మనుషులు కూర్చున్న తొట్టి పైకి లేచి, అక్కడ రవంత ఆగి, కిందికి వచ్చేది. కడుపులో జల్లుమంటుందన్నవాళ్లను గుర్రాల రాట్నం దగ్గరికి తోడుకుని పోయేది. అది నేలకు సమంగా తిరిగేది. ఏమీ చెప్పకుండా మొగుడి మొహం చూసేవాళ్లను కూడా గుర్రాల దగ్గరికే తీసుకుపోయేది.

ఒక ఏడు కదిరి తేరు నాడు కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. తిమ్మక్క అడిగిన మాటకు ఆ పిల్ల జవాబు చెప్పబోయే లోపలే మొగుడు అందుకున్నాడు.

"దానికి భయం లేదు, నాకూ లేదు. ఆ తొట్టే ఎక్కుతాము."

"నిన్నడగలేదప్పా. ఆ పాపనడిగినా."

"నా పెండ్లామే గదా?"

"పెండ్లాము నీదే. కడుపు ఆ పాపది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ పిల్ల మెల్లగా, "గుర్రమెక్కుతానక్కా" అంది. మొగుడు రోషంతో ఒక్కడే తొట్టి ఎక్కాడు. దిగినాక నేరుగా బండ్ల వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. తిమ్మక్క నిమ్మకాయ కోసి ఒక చెక్క చేతిలో పెట్టింది.

"నువ్వూ గుర్రమోనివే నాయనా. దాంట్లో సిగ్గేముండాది? ముందే అడిగింటే నీకూ చెప్పేదాన్ని."

ఎంత చెప్పినా తొట్టే ఎక్కుతామనే మొండివాళ్లకూ ఆమె దగ్గర మాటలున్నాయి. తినొచ్చింటే కొంచేపు నీడలో కూర్చో. దిగేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, గట్టిగా అరువు, అరిస్తే సగం పోతాది. కండ్లు మూసుకోవద్దు, మూసుకుంటే గుంత ఇంకా పెద్దదైతాది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆమె ఒక చేయి తన కడుపు మీద పెట్టుకునేది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

తిమ్మక్కకు ఆ గుంత పరిచయమైంది బావిలో.

చిన్నప్పుడు, ఒక కరువులో, వాళ్ల పల్లె బావి అడుగంటింది. బత్తలపల్లె నుంచి ధర్మవరం పోయే దారికి ఎడంగా ఉన్న పల్లె అది. అడుగున రాతి సందులో ఊట మాత్రం ఉండేది. కడవ మునగదు. అందుకని తేలికగా ఉండే పిల్లలను గంపలో కూర్చోబెట్టి దించేవాళ్లు. పిల్ల కొబ్బరి చిప్పతో తోడి కడవ నింపాలి. ఇంటికొక వంతు. తిమ్మక్క వంతు నాడు మోకు పట్టుకున్నది వాళ్ల నాయనే. మెల్లగా దించుతానన్నాడు. సగం దూరం మెల్లగానే దించాడు. తర్వాత మోకు ఆయన చేతుల్లో జారింది. గంప ఒక నిలువు కిందికి పడి, మళ్లీ పట్టు దొరికి ఆగింది. దెబ్బ తగల్లేదు. తిమ్మక్క కడవ నింపింది. పైకి వచ్చినాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నాయన అరచేతులు చూసుకుంటూ ఇంటికి నడిచాడు.

ఆ తర్వాత ఆమె ఉయ్యాల ఎక్కలేదు. నాగులచవితికి ఆడపిల్లలందరూ ఊగుతుంటే దూరంగా నిలబడి చూసేది. బండి వంక దగ్గరికి వస్తే దిగి, నడిచి దాటి, అవతలి గట్టున ఎక్కేది. ఇంట్లోవాళ్లు అలవాటు పడ్డారు. పెళ్లి బండిలో కూడా వంక గట్టున దిగింది. పెండ్లికూతురు నడిమిదారిలో బండి దిగడం అశుభమని మొగుడి తరఫువాళ్లు కేకలు వేశారు. ఆమె పట్టుచీర కుచ్చెళ్లు పైకి పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఇసుకలో నడిచింది. రెండో ఎండాకాలం మొగుడు వాంతిబేదితో పోయాడు. అత్త శవం దగ్గర కూర్చుని ఏడుస్తూ అన్న మొదటి మాట, "ఆ పొద్దు బండి దిగిందమ్మా ఇది" అని.

తిమ్మక్క పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి తల్లి లేదు. తమ్ముడు నాగప్ప చిన్నవాడు. కొన్నాళ్లకు నాయన కూడా పోయాడు. తమ్ముణ్ణి ఆమే పెంచింది. కూలికి పోయి, సజ్జరొట్టె కొట్టి పెట్టి, ధర్మవరంలో మేనమామ దగ్గర వడ్రంగి పనికి చేర్చింది. కొయ్య పని నాగప్పకు తొందరగా పట్టుబడింది. ఒక కన్ను మూసి పలక అంచు మీదుగా చూసేవాడు. అట్లా చూస్తే ఎక్కడ వంకర ఉందో తెలిసిపోయేదట.

యాభై రెండో సంవత్సరం కరువులో నాగలి చేయించుకునేవాడు లేకపోయాడు. పశువులు తరిగిపోయి, బండ్లు ఇంటి ముందర కాడి దించి పడి ఉన్నాయి. నాగప్ప ఆ బండ్ల ఇరుసులూ చక్రాలూ తెచ్చి రెండు రాట్నాలు చేశాడు. ఒకటి తొట్లది. రెండోది గుర్రాలది. నడుమ ఒక స్తంభం, దాని నుంచి చుట్టూ దూలాలు, ప్రతి దూలం కొసన ఒక కొయ్యగుర్రం. గుర్రం కింద చిన్న చక్రం ఉండేది. అది నేల మీద గుండ్రంగా పరిచిన పలకల బాట మీద దొర్లేది. స్తంభం దగ్గర ఇద్దరు మనుషులు నిలబడి దూలాలు తోసేవాళ్లు. ఆ ఇద్దరిలో ఒకడు యేసన్న, వాళ్ల పల్లెవాడే, కూలి పని లేక వీళ్లతో బయలుదేరినవాడు.

కరువైనా దేవుళ్లకు జాతరలు ఆగలేదు. వానల కోసం ఇంకా ఎక్కువ మంది వచ్చేవాళ్లు. అక్కాతమ్ముళ్లు రాట్నాలను బండ్లకెత్తి జాతర నుంచి జాతరకు తిరిగారు.

ప్రతి జాతరలోనూ మొదటి చుట్టు తిమ్మక్కది. నాగప్ప కర్పూరం వెలిగించి టెంకాయ కొట్టేవాడు. ఆమె పైట బిగించి గుర్రం ఎక్కి ఒక్కతే తిరిగేది. జనం చూసేవాళ్లు. ముఖంలో ఏ మార్పూ లేకుండా ఒక ఆడమనిషి తిరిగి దిగితే, మిగతా ఆడవాళ్లు ధైర్యంగా వచ్చేవాళ్లు.

బండి వంకల దగ్గర ఆమె దిగి నడవడం నాగప్పకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎందుకని అడిగింది మాత్రం రాట్నం చేసినాకనే. ఒకనాడు కణేకల్లు వైపు పోతుంటే, ఆమె దిగగానే అతనూ దిగి పక్కన నడిచాడు.

"ఎక్కేటప్పుడా అక్కా, దిగేటప్పుడా?"

"ఏంది?"

"జల్లుమనేది."

ఆమె నిలబడిపోయింది. ఇంతవరకు నవ్వినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు, అడిగినవాళ్లు లేరు.

"దిగేటప్పుడే. ఎక్కేటప్పుడు ఏమీ ఉండదు. పైన రవంత నిలబడతాది చూడు, ఆడ మొదలైతాది. మనకంటే ముందు కడుపుకు తెలిసిపోతాది."

"నిదానంగా దిగితే?"

"నిదానంగా దిగితే ఏమీ లేదప్పా."

"ముందే తెలిసి దిగితే మేలా, తెలియకుండా దిగితే మేలా?"

ఆమె ఆలోచించింది. "తెలియకుంటేనే శానా చెడ్డ. కింద ఏదో ఉండాదనుకొని కూర్చోనుంటాము. అది ఉండదు. పడిపోతాండామని గాదు. ఉండేది లేకుండా పోయిందని."

నాగప్ప తల ఊపి, చేతిలోని పుల్లతో ఇసుకలో ఒక గీత గీశాడు. నెమ్మదిగా లేచే గీత. దాని చివర తెగినట్టు కిందికి దించాడు. "ఇట్లనా?"

"అట్లనే" అంది తిమ్మక్క. తన లోపలిది ఇసుకలో కనబడినందుకు ఆమెకు నవ్వొచ్చింది.

ఆ తర్వాత దారి పొడుగునా అడిగేవాడు. కండ్లు తెరిస్తే మేలా, మూసుకుంటే మేలా? కాళ్లు ఆనుతాంటే మేలా, ఏలాడుతాంటే మేలా? ఒక్కసారి దిగితే చెడ్డనా, వరసగా దిగితే చెడ్డనా? ఆమె అన్నీ చెప్పింది. కాళ్లు ఏలాడితే ఎక్కువ. ఒకసారి అయిపోయినాక రెండోసారి వస్తాదని తెలిసి కూర్చోవడం అన్నిటికంటే ఎక్కువ. గుర్రాలకు కాళ్లు పెట్టుకునే పలకలు ఆ మాటల తర్వాతే వచ్చాయి. ఆమె కోసమే అడుగుతున్నాడనడానికి ఆ పలకలు చాలు. రాత్రి రొట్టె వడ్డించేటప్పుడు అతని గిన్నెలో నెయ్యి చుక్క ఒకటి ఎక్కువ పడేది.

అరవయ్యో సంవత్సరం దాటినాక కదిరికి ఇనుప రాట్నం వచ్చింది. బళ్లారి వైపు నుంచి ఎవరో తెచ్చారు. ఇంజనుతో తిరిగేది. తేరు కంటే ఎత్తని జనం చెప్పుకున్నారు. దాని కింద నిలబడినవాళ్లకు పైనుంచి అరుపులు వినిపించేవి. ఆ అరుపులకే ఇంకా జనం చేరేవాళ్లు. ఆ ఏడు నాగప్ప రాట్నాల దగ్గర ముసలివాళ్లూ, చంకలో బిడ్డలున్న తల్లులూ తప్ప ఎవరూ లేరు.

నాగప్ప గొంతుక్కూర్చుని, తల పైకెత్తి, ఆ ఇనుప చక్రాన్నే చూస్తున్నాడు.

"మనది ఎద్దులబండి అయిపాయ అక్కా."

"ఎద్దులబండి ఎక్కేవాళ్లు ఉండారు గదప్పా."

"ఎవరు? ముసలోళ్లు, కడుపుతో ఉండేటోళ్లు."

"వాళ్లు మనుషులు గాదా?"

అతను పైనుంచి వచ్చే అరుపులు వింటున్నాడు.

ఆ చలికాలం తొట్ల రాట్నం అమ్మేశాడు. గుర్రాల రాట్నం ఒక్కటే కొత్తగా చేస్తానన్నాడు. దొడ్లో తడికలు కట్టి, వాటి వెనక పని చేశాడు. యేసన్న లోపలికి పోయేవాడు, బయటికి వచ్చేవాడు, తిమ్మక్క ఎదురైతే చలి గురించి మాట్లాడేవాడు. దూలాల చుట్టూ నేల దాకా ఏలాడేట్టు గుడ్డ కుట్టమని నాగప్ప అక్కను అడిగాడు.

"ఎందుకప్పా గుడ్డ?"

"అందానికక్కా. గుర్రాలకు లంగా."

"నీకు పిచ్చిరా" అని నవ్వి, ఆమె పాత చీరలన్నీ తీసింది. అమ్మ కట్టిన నీలం చీర ఉంది, తను పెళ్లినాడు కట్టిన ఎర్రది ఉంది. చింపి, ముక్కలు అతికి, మూరెడు మూరెడు కుట్టుకుంటూ పోయింది. గుడ్డ తగిలించినాక చూస్తే నిజంగానే అందంగా ఉంది. రంగు ఆరలేదని, ఎత్తి చూడొద్దని నాగప్ప అన్నాడు. ఆమె ఎత్తి చూడలేదు.

లేపాక్షి శివరాత్రికి కొత్త రాట్నం నిలబెట్టారు. జనం బాగా ఉన్నారు. ఎప్పటిలాగే బయమ్మ వచ్చింది. చిలమత్తూరు దారిలో ఒక పల్లె ఆమెది. పళ్లు లేని నోరు, ఆగని మాట. ప్రతి శివరాత్రికీ వచ్చి ఒకసారి గుర్రం ఎక్కిపోయేది. ఈసారి ఇద్దరు కోడళ్లను కూడా తెచ్చింది.

"లోపల శివునికి దండం పెట్టినా, బయట నీకు పెడతాండా. ఎక్కించుమే తిమ్మక్కా."

"మొదటి చుట్టు నాది గదా అవ్వా. ఆమీదట నువ్వు."

"నీ తోడే ఎక్కుతా. ఎన్ని గుర్రాలు ఖాళీగా ఉండాయి! నా కోడండ్లు పిరికోళ్లు, ఇది ఏమన్నా చేస్తాదని దావ పొడుగునా ఏడ్చినారు. చెప్పు వాళ్లకి."

తిమ్మక్క ఆ కోడళ్ల వైపు తిరిగింది. "ఇది జారదు. పదేండ్లకు పైగా ఎక్కుతాండా. నాకు జారితే ఎవరికైనా జారినట్లే. ఎక్కండి."

వాళ్లు ఎక్కారు. వాళ్లను చూసి ఇంకొందరు ఆడవాళ్లు ఎక్కారు. నాగప్ప అందరినీ ఎక్కనిచ్చాడు. ఆమె అది గమనించింది, ఏమీ అనుకోలేదు. కర్పూరం వెలిగింది. యేసన్న దూలం మీద చేతులు పెట్టి తల దించుకున్నాడు.

రాట్నం కదిలింది. ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. తిమ్మక్క జనాన్ని చూస్తూ కూర్చుంది. వెనక గుర్రం మీద బయమ్మ ఏదో చెబుతోంది. జనం తలల మీదుగా దూరంగా నంది వీపు కనబడింది. ఇన్నేళ్లలో గుర్రం మీది నుంచి నంది ఎప్పుడూ కనబడలేదు. ఎందుకు కనబడుతోందని ఆమె అనుకునేలోపల కింద ఉండేది లేకుండా పోయింది.

ఆమె అరిచింది. అరుపు తనదని కూడా ముందు తెలియలేదు. గుర్రం అడుగున గట్టిగా తగిలి ముందుకు పోయింది. వెనక బయమ్మ కేక, దాని వెనక కోడళ్ల కేకలు, ఒకదాని తర్వాత ఒకటి. చుట్టూ నిలబడిన మగవాళ్లు పగలబడి నవ్వారు. ఈలలు వేశారు.

బాట మళ్లీ లేస్తోంది. ఈసారి ఆమెకు తెలుసు.

"ఆపు! నాగప్పా, ఆపురా!"

నాగప్ప జనం ముందర వరసలో నిలబడి ఉన్నాడు. తోసేవాళ్లకు చేయి ఊపాడు. అది ఆపమని కాదు. అతను నవ్వడం లేదు. ఒక కన్ను సగం మూసి, ఆమె ముఖం వైపే చూస్తున్నాడు. పలక అంచు మీదుగా చూసినట్టు.

మళ్లీ నంది వీపు కనబడింది.

రాట్నం ఆగినాక ఆమె వెంటనే దిగలేకపోయింది. గుర్రం మెడ పట్టుకుని కూర్చుంది. బయమ్మను కోడళ్లిద్దరూ పట్టి దించారు. ముసలామె జారిన తలముడి వేసుకుంది. తిట్టలేదు. ఏలాడే గుడ్డ అంచు పట్టి ఎత్తి, కింద నెమ్మదిగా లేచి చివర తెగిపోయిన పలకల బాటను చూసింది. ఆ గుడ్డనూ, దాని కుట్లనూ చూసింది.

"కుట్టింది నువ్వే గదా?" అంది.

"నాకు తెలియదవ్వా."

"నీ తమ్ముడు, నీ రాట్నం. నీకు తెలియదా?"

"శివుని మీద ఒట్టు."

"ఆయన్నెందుకులే మధ్యలోకి" అని బయమ్మ కోడళ్లను తోడుకుని పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నాగప్ప పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పెద్ద పని ముగించినవాడి ముఖం.

"ఎట్లుండాది అక్కా? నువ్వు చెప్పినట్లే వచ్చిందా?"

తిమ్మక్క అతని వైపు చూసింది.

"నెమ్మదిగా ఎక్కాల. పైన రవంత నిలబడాల. ఆమీదట కింద ఏమీ ఉండగూడదు. అంతా నువ్వు చెప్పిందే గదా. ఆ ఇనుప రాట్నమోనికి ఇది తెలీదు. వాడు ఊరికే పైకి తీసకపోతాడు. మనది మోకాలెత్తు లేదు, చూడు ఎట్ల అరిచినారో!"

"దీనికా అడిగింది?"

"ఏంది?"

"ఇన్ని దినాలు. దావల్లో. దీనికా నన్నడిగింది?"

నాగప్ప కొంచెం తడబడ్డాడు. "మొదట ఊరికే అడిగినానక్కా. ఆమీదట... నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

"నాకు చెప్పొచ్చు గదరా."

"చెప్పింటే ఎక్కుతాంటివా? నువ్వు ఎక్కకుంటే ఆడోళ్లు ఎక్కుతాండ్రా? ఎవరికీ ఏమీ కాలేదు గదా. జారింది గానీ ఎవరన్నా పడినారా?"

ఆమె యేసన్న వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

యేసన్న తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "తెలుసక్కా. చెప్పొద్దన్నాడు."

అప్పటికే మగవాళ్లు గుర్రాల కోసం తోసుకుంటున్నారు. తిమ్మక్క పక్కన నిలబడి, వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. "జారుతాది. ఎక్కొద్దు. ఇది జారుతాది." విన్న మగవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. "ఆయమ్మ చెప్తాంది జారుతాదంట, రండప్పా రండి!" అని ఒకడు అరిచాడు. ఆమె ఎంత వద్దంటే అంత జనం చేరారు. మధ్యాహ్నానికి నాగప్పే ఆ మాట అందుకున్నాడు. "తిమ్మక్కనే అరిపించిన రాట్నం! రండి, ఎక్కండి!" అంటున్న అతని గొంతు గుడి గోడల దాకా వినిపించింది.

ఆ గొంతు వినబడుతుండగానే ఆమె చీర మూట తీసుకుని హిందూపురం దారి పట్టింది. గుడ్డ విప్పి తెచ్చుకుందామనుకుంది. కానీ అది అప్పటికే రాట్నంతో పాటు తిరుగుతోంది.

బత్తలపల్లెలో బస్సులు ఆగేచోట ఒక హోటలు ఉంది. అక్కడ పిండి రుబ్బే పనికి చేరింది. రోలు ముందర కూర్చుంటే నేల కదలదు. పొత్రం ఒక్కచోటే తిరుగుతుంది. హోటలాయన మంచివాడు, పెళ్లాం గయ్యాళి, ఇద్దరికీ తిమ్మక్క పిండి నచ్చింది. ఆమె తక్కువ మాట్లాడేది. తల నొచ్చినా చెప్పేది కాదు, కాలు కాలినా చెప్పేది కాదు. "ఏమమ్మా, నీకు ఒళ్లుండాదా ల్యాదా?" అని హోటలాయన పెళ్లాం విసుక్కునేది. ఎట్లుందని ఎవరైనా అడిగితే ఆమె చేతిలో ఉన్న పని చూసుకునేది. నాగప్ప పండగలకు రవిక గుడ్డ పంపేవాడు, తెచ్చినవాళ్లకు భోజనం పెట్టించేది. గుడ్డ పెట్టెలో పెట్టేది.

మూడో ఏడు నాగప్పే వచ్చాడు. నెత్తిన వెంట్రుకలు పలచబడ్డాయి. బత్తలపల్లె జాతరకు రాట్నం తెచ్చానన్నాడు. హోటలు వెనక, రోలు దగ్గర, గొంతుక్కూర్చున్నాడు.

"ఆడోళ్లు రావడం లేదక్కా."

ఆమె పొత్రం తిప్పుతూనే ఉంది.

"మొగోళ్లు ఒకసారి ఎక్కుతారు, అరుస్తారు, అయిపాయ. ఆడోళ్లైతే పిల్లోల్లను తోడుకొని మళ్ల మళ్ల వస్తాండ్రి. మాట పోయింది. యాడికి పోయినా, ఆ మోసం రాట్నమా అంటాండారు." కొంచెం ఆగి అన్నాడు. "వంపు తీసేసినా. బాటంతా చదును చేసినా. గుడ్డ గూడా పీకేసినా. వచ్చి చూసుకో. నువ్వు ఒక్క చుట్టు ఎక్కితే చాలు."

"చూస్తా" అంది తిమ్మక్క.

సాయంత్రం ఎండ తగ్గినాక పోయింది. రాట్నం చుట్టూ కొందరు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎక్కడం లేదు. ఆమెను గుర్తుపట్టి దారి ఇచ్చారు. గుడ్డ లేదు. దూలాల కింద అంతా బయటికి కనబడుతోంది. ఆమె వంగి, పలకల బాట మీద అరచేయి పెట్టింది. చేయి తీయకుండా చుట్టూ నడిచింది. వంపు ఉన్న చోట కొత్త పలకలు వేసినట్టు తెలుస్తోంది. అతుకుల దగ్గర ఆగి, వేళ్లతో తడిమింది. మొదలుపెట్టిన చోటికి వచ్చి నిలబడింది. నాగప్ప ఆమెనే చూస్తున్నాడు. కళ్లు రెండూ తెరిచి చూస్తున్నాడు.

"చదునుగానే ఉండాది" అంది.

నాగప్ప ఊపిరి వదిలాడు. గుర్రం పక్కన పీట వేశాడు. "ఎక్కక్కా."

ఆమె పీట వైపు చూసింది. ఒక కాలు కదిలింది కూడా. నేల మీద నిలబడి ఉండగానే, ఏమీ కదలకుండానే, కడుపులో జల్లుమంది.

"ఎక్కను" అంది.

"చూసినావు గదా! నీ చేత్తో నువ్వే చూసినావు. యాడన్నా ఉండాదా?"

"యాడా లేదు."

"మరి?"

ఆమె నిలబడి ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఇది జారదు. నేను చూసినా. ఎక్కండి. పిల్లోల్లను లోపలి పక్క పట్టుకోండి." ఇదివరకటి గొంతే అది. అందులో తేడా లేదు.

ఒకామె బిడ్డను చంకనేసుకుని ముందుకు వచ్చింది. పీట మీద కాలు పెట్టి, ఆగింది. "జారదంటాండావు. మరి నువ్వెందుకు ఎక్కవమ్మా?"

"మీకు ఆయప్ప రాట్నమాయన" అంది తిమ్మక్క. "నాకు తమ్ముడు."

ఆ మాట నాగప్ప విన్నాడు. చేతిలోని కర్పూరం పొట్లం విప్పకుండా అట్లాగే నిలబడ్డాడు. బిడ్డతో వచ్చిన ఆమె గుర్రం ఎక్కింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు ఎక్కారు. యేసన్న దూలం తోశాడు. గుర్రాలు నేలకు సమంగా తిరిగాయి, ఎవరూ అరవలేదు. తిమ్మక్క ఆ చుట్టు పూర్తయ్యేదాకా నిలబడి చూసింది. తన మాట తప్పు కాలేదని తెలిసినాక హోటలు వైపు నడిచింది. తెల్లవారికి రుబ్బాల్సిన బియ్యం ఇంకా నానబెట్టలేదు.